బోర్డు మీద రెండు ఐసీలకు చోటు పెట్టు

బిడ్డా,

నువ్వు పంపిన ప్లాను రెండుసార్లు చదివాను. మడికొండలో షెడ్డు, పొలం మోటార్లను ఫోన్‌తో నడిపే సెల్ స్టార్టర్ బోర్డులు, మొదటి ఏడాది రెండు వేల పీసులు. బాగుంది. నాలుగో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. "దేశంలోనే చిప్‌లు తయారవుతున్నాయి కాబట్టి ఐసీల కొరత ఉండదు" అని ఒక్క లైన్లో తేల్చేశావు. ఈ ఉత్తరం ఆ లైను గురించే.

2021లో లోకమంతా చిప్‌ల కరువు వచ్చినప్పుడు నువ్వింకా బడిపిల్లవి, నీకు గుర్తుండదు. మన బోర్డులో అసలు పని చేసే ఐసీ (చిప్పు), అదే రైతు ఫోన్ కొట్టగానే మోటారు ఆన్ చేసి, ఫేజు పోతే ఆపేది, అంతకుముందు నాకు 90 రూపాయలకు వచ్చేది. ఆ వానాకాలం డీలర్‌ను అడిగితే 52 వారాలు ఆగమన్నాడు. సంవత్సరం! ఆ మార్చిలోనే జపాన్‌లో రెనెసాస్ అనే చిప్‌ల కంపెనీ వాళ్ల నాకా ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. మారుతీ అంతటి కంపెనీ చిప్‌లు దొరక్క సెప్టెంబరులో మామూలు ఉత్పత్తిలో 40 శాతానికి పడిపోతానని ఆగస్టు ఆఖర్లో ప్రకటించింది. వాళ్లకే దొరకని సరుకు హన్మకొండలో ఒక షెడ్డుకు ఎవరిస్తారు?

టెన్షన్‌లో ఒక బ్రోకర్ దగ్గర 800 చొప్పున 300 పీసులు కొన్నాను. పైన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. యాసంగి నాట్లు మొదలయ్యాక బోర్డులు ఒక్కొక్కటే పడుకున్నాయి. పాత ఐసీల మీద పేరు గీకి, నల్ల రంగు పూసి, కొత్త పేరు అచ్చేశారు. రాత్రిపూట పాముల్లో, తడిలో బాయి దగ్గరికి నడవాల్సిన పని తప్పుతుందనే కదా రైతు మన స్టార్టర్ కొనేది. నర్సంపేట దగ్గరి రైతు ఒకాయన బోర్డును తువ్వాలలో చుట్టుకొచ్చి, నా బల్ల మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇక సర్కారు పైసల సంగతి. 2021 డిసెంబరులో కేంద్రం చిప్‌ల కోసం 76,000 కోట్ల పథకం పెట్టింది. ఒప్పుకున్న ప్రాజెక్టు ఖర్చులో సగం తనే భరిస్తుంది. సనంద్‌లో అమెరికా చిప్‌ల కంపెనీ మైక్రాన్ ప్లాంటుకైతే కేంద్రం నూటికి 50, గుజరాత్ 20 ఇస్తున్నాయి. అంటే కంపెనీ జేబులోంచి 30 రూపాయలే. మీ నాన్న దీన్ని దుబారా అంటాడు, నేననను. అమెరికా కూడా 2022లో చట్టం చేసి 5,000 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. మన మొహాలీలో 1984లోనే చిప్‌ల ఉత్పత్తి మొదలైంది, 1989లో ఫ్యాక్టరీ కాలిపోయింది. ఆ తర్వాత బజారు కోసం పెద్ద ఎత్తున చిప్‌లు చేసే ఫ్యాక్టరీ మనకు లేకుండానే ఇన్నేళ్లు గడిచాయి. ఎవరో ఒకరు పెట్టాల్సిన పైసలే ఇవి.

కానీ పేపర్లో "చిప్ ఫ్యాక్టరీ" అని కనిపించగానే అన్నీ ఒకటే అనుకోకు. సనంద్‌లో మైక్రాన్, అస్సాం జాగీరోడ్‌లో టాటా చేసేది బయటి నుంచి వచ్చిన వేఫర్లను, అంటే చిప్‌లు అచ్చేసిన సిలికాన్ పలకలను, కోసి, ప్యాక్ చేసి, టెస్ట్ చేయడం. వేఫర్ మీద చిప్‌ను పుట్టించేది గుజరాత్‌లోని ధొలేరా ఫ్యాక్టరీ. తైవాన్ చిప్‌ల కంపెనీ పీఎస్‌ఎమ్‌సీ టెక్నాలజీతో టాటా వాళ్లు 91,000 కోట్లతో, నెలకు 50,000 వేఫర్ల లెక్కన కడుతున్నారు. అక్కడ 28 నుంచి 110 నానోమీటర్ల రకాలు చేస్తారట (ఈ అంకె ఎంత చిన్నదైతే చిప్ అంత కొత్త రకం). ఇది నీకు మంచి వార్తే. అందరూ 3 నానోమీటర్ అంటూ మురిసిపోతారు గానీ, మన స్టార్టర్‌కు కావాల్సింది ఈ పాత రకాలే. 2021లో ఎక్కువ ఏడిపించినవీ ఇవే. అయితే కార్ల కంపెనీలు లక్షల్లో ఆర్డరు పెట్టే చోట నీ రెండు వేల పీసులు ఏ మూలకు? పైగా ఇక్కడే చేసినా మెషీన్లు, గ్యాసులు చాలావరకు బయటివే. 2023 ఆగస్టు నుంచి చైనా, కొన్ని చిప్‌లకు వాడే గాలియం లోహం ఎగుమతికి లైసెన్సు పెట్టలేదా!

అందుకని లేఅవుట్ గీసేటప్పుడే బోర్డు మీద రెండు కంపెనీల ఐసీలకు చోటు పెట్టు, ఏది దొరికితే అది అతికించేలా. రాగి కొంచెం ఎక్కువ పడుతుంది, పడనీ. ప్రోగ్రాంలో పిన్నుల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉంచు. ఐసీ మారినప్పుడు ఆ ఒక్క ఫైలే మార్చాలి. నేను అలా చేయక మూడు నెలలు పోగొట్టుకున్నాను.

మెయిన్ ఐసీ ఆరు నెలలకు సరిపడా స్టాకు పెట్టుకో. రెసిస్టర్లకు అక్కర్లేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. మీ తాత ఎంత కరువొచ్చినా గుమ్మిలో విత్తనాల వడ్లు ముట్టనిచ్చేవాడు కాదు, అట్లా. బ్యాంకాయన పైసలు కట్టిపడేశావంటాడు. అననీ. ఆఫీసు గదికి రాసుకున్న గాజు పార్టిషన్ తీసేస్తే ఆ పైసలు వస్తాయి. (షెడ్డులో గాజు గదెందుకమ్మా?) వానాకాలం తేమకు ఐసీలు పాడవుతాయి. సీలు తీయని కవర్లలోనే, సిలికా జెల్ పొట్లాలతో ఉంచు.

కొనేది కంపెనీ ఒప్పుకున్న డిస్ట్రిబ్యూటర్ దగ్గరే, బిల్లుతోనే. తప్పనిసరై బ్రోకర్ దగ్గర తీసుకుంటే ముందు పది పీసులు తెప్పించి, దూదిని అసిటోన్‌లో ముంచి పైన రుద్దు. దూదికి నలుపు అంటితే వెనక్కి పంపెయ్.

2025 మార్చిలో విడిభాగాల కోసం ఇంకో 22,919 కోట్ల పథకం వచ్చింది. దానికి అర్హత కోట్ల పెట్టుబడితో మొదలవుతుంది. నీ బడ్జెట్‌లో దాన్ని లెక్కేసుకోకు.

ఆదివారం లేఅవుట్ తీసుకుని రా. అక్కను సర్వపిండి చేసి పంపమను. ఆ దొంగ ఐసీలు ఒక డబ్బాలో దాచి ఉంచాను, దూది పరీక్ష నీ చేత్తోనే చేద్దువుగాని.

మీ మామ,
హన్మకొండ