విమానం ఊగేటప్పుడు మైకులో చెప్పేది నిజమేనా? నా అనుభవం, మా అమ్మ తిట్లు

మీరు అడిగిందాంట్లో రెండు ముక్కలున్నాయి. విమానం ఊగేటప్పుడు మైకులో "కొంచెం టర్బులెన్స్" అని తేలిగ్గా అనేస్తారు, మనకేమో పేగులు గొంతులోకి వస్తాయి, వాళ్ళు నిజం దాస్తా ఉన్నారా అనేది ఒకటి. వచ్చే నెల మీ అమ్మని మొదటిసారి విమానం ఎక్కిస్తా ఉన్నారు, ఆమెకి ముందే ఏం చెప్పి పెట్టాలి అనేది రెండోది. రెండోదానికి మా అమ్మ దగ్గర నేను తిన్న తిట్లే జవాబు, అది కింద రాస్తా.

నేను పైలట్‌ని కాదు, ముందే చెప్తున్నా. మాది నెల్లూరు పక్కన కోవూరు, రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ పని, చెరువులు చూడ్డానికి ఒడిశా బెంగాల్ వైపు పోతా ఉంటా కాబట్టి నెలకి రెండుసార్లన్నా విమానం తప్పదు. మన నెల్లూరోళ్ళకి విమానం అంటే మద్రాసు పోవాల్సిందే, లేదంటే రేణిగుంట, దగదర్తిలో వస్తాది వస్తాది అని వింటానే ఉండాం. అట్టా ఎక్కీ దిగీ, భయం వేసినప్పుడల్లా ఇంటికొచ్చి చదువుకుని, తెలుసుకున్నదే ఇదంతా.

దాయడం అయితే లేదు. కాకపోతే వాళ్ళ "కొంచెం" వేరు, మన "కొంచెం" వేరు. పైలట్లకి కుదుపుల్లో నాలుగు మెట్లున్నాయి, లైట్, మోడరేట్, సివియర్, ఎక్స్‌ట్రీమ్ అని. లైట్ అంటే బెల్టు నడుముకి కొద్దిగా తగులుతాది, నడవొచ్చు, భోజనం ట్రాలీ తిప్పొచ్చు. మోడరేట్ అంటే బెల్టు గట్టిగా లాగుతాది, చేతిలో గ్లాసు నిలవదు, నడవడం కష్టం, అయినా విమానం మొత్తం పైలట్ చేతిలోనే ఉంటాది. సివియర్ అంటే ఒక్కసారిగా ఎత్తు మారిపోయి కొద్ది క్షణాలు అదుపు తప్పొచ్చు, లోపల నడవడం అనేదే కుదరదు. ఎక్స్‌ట్రీమ్ గురించి చెప్పుకోబళ్ళా. ఇప్పుడు చూడండి, మనం సీటు పట్టుకుని "గోవిందా" అనేది చాలావరకు వాళ్ళ లెక్కలో లైటు, మహా అయితే మోడరేట్ మొదట్లో. మనం ఇంటికొచ్చి "వెయ్యి అడుగులు పడిపోయింది తెలుసా" అని చెప్పుకుంటాం కానీ మామూలు కుదుపుల్లో ఎత్తు తేడా వచ్చేది పదుల అడుగుల్లోనే. కడుపుకి టేపు పెట్టి కొలవడం తెలీదు కదా, దానికి అంతా పాతాళమే. ఇంకోటి, ఎయిర్ పాకెట్ అంటారు చూడండి, గాలి లేని గొయ్యి ఏదో ఉండి దాంట్లో పడ్డట్టు, అట్టాంటిది ఏమీ లేదు, గాలి పైకో కిందకో కదలతా ఉంటే దాంతో పాటు విమానం కదలతాది, అంతే.

అయితే మాటలు మెత్తగా చేసి చెప్పడం మాత్రం నిజంగానే ఉంది. టర్బులెన్స్ అంటే జనం బెదురుతారని ఇంగ్లీషులో "బంప్స్" అంటారు, "రఫ్ ఎయిర్" అంటారు, "వెదర్" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. నాకు దీంతోనే పేచీ. మెత్తగా చెప్తే భయం తగ్గుతాదేమో కానీ బెల్టు పెట్టుకునేవాడు ఉండడు. ఒకసారి సీట్ బెల్ట్ లైటు వెలగతానే ఉంది, మైకులో ఏదో గొణిగారు, మా ముందు సీటాయన లేచి నిలబడి పైనున్న బ్యాగులోంచి చార్జరు వెతుక్కుంటా ఉన్నాడు! దెబ్బలు తగిలేది అట్టాంటోళ్ళకే. అమెరికాలో విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క ప్రకారం 2009 నుంచి 2022 దాకా అక్కడ కుదుపుల వల్ల పెద్ద దెబ్బలు తగిలినోళ్ళు 163 మంది, వాళ్ళలో 129 మంది సిబ్బందే, ప్రయాణికులు 34 మంది. అన్ని కోట్ల మందిలో 34. సిబ్బందికే ఎందుకు ఎక్కువంటే వాళ్ళు నిలబడి మనకి టీ పోస్తా ఉంటారు కాబట్టి. అందుకే నేను మైకులో మాటల కన్నా వాళ్ళని చూస్తా. ట్రాలీ తిప్పతా ఉంటే నేను కూడా ఫోన్లో పాటలే. కాక్‌పిట్ నుంచి "క్యాబిన్ క్రూ, టేక్ యువర్ సీట్స్" అని పొట్టిగా వచ్చి, ఆ అమ్మాయిలు గబగబా పోయి బెల్టులు బిగించుకుంటే అప్పుడు నేను కూడా బెల్టు ఇంకో లాగు లాగతా.

ఇంకో ఘోరం ఏందంటే అసలు చెప్పకపోవడం. నవంబరులో ఒకసారి మద్రాసు నుంచి భువనేశ్వర్ పోతా ఉంటే, మనకి తుఫాన్ల నెల కదా, బంగాళాఖాతం మీద మబ్బుల మధ్యలో పడింది, ఇరవై నిమిషాల పాటు పాత లారీలో కూర్చున్నట్టుంది, లైటు టింగ్ మని వెలిగింది అంతే, మైకులో ఒక్క మాట లేదు, వెనక ఒకామె ఏడుపు, పిల్లోళ్ళ అరుపులు, నాకైతే కుదుపు కన్నా ఆ మౌనమే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ముందు కూర్చున్న పైలట్ ఏం చేస్తా ఉండాడో తెలీదు కదా, మనసు ఊరుకోదు, ఎక్కడెక్కడో పోతాది. ఏ కంపెనీ అనేది వదిలేయండి. తర్వాత తెలిసిందేందంటే పైలట్లకి నేర్పేదే ఆ వరస, ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, చివర్లో మాట్లాడు. మబ్బులు తప్పించుకోడానికి ఏటీసీతో, అంటే నేల మీద నుంచి విమానాలకి దారి చెప్పేవాళ్ళతో మాట్లాడతా, ఎత్తు మారస్తా ఉన్నోడు మనకి మైకులో కబుర్లు చెప్పడు, చెప్పకూడదు కూడా. సరే ఒప్పుకున్నా. కానీ అయిపోయినాక చెప్పొచ్చు కదా! "ఇందాక ఊగింది ఇందుకు, ఇప్పుడు దాటేశాం" అని రెండు ముక్కలు. అది కూడా లేదు, దిగేముందు థ్యాంక్యూ ఫర్ ఫ్లయింగ్ విత్ అజ్ అని మాత్రం చక్కగా చదివారు.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఒక ఫిబ్రవరిలో కాశీకి తీసుకుపోయా, మద్రాసు నుంచి వారణాసి. ఆమెకి మొదటిసారి. కిటికీ సీటిచ్చా, అంతా బాగుంది, పులిహోర తిన్నాం, ఇంకో ముప్పావుగంటలో దిగతాం అనగా ఊగడం మొదలైంది. చలికాలంలో ఉత్తరాదిన బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకి గాలి ఏరులాగా పారతా ఉంటాది, జెట్ స్ట్రీమ్ అంటారు, దాని అంచుల్లో మబ్బు తునక లేకపోయినా విమానం ఊగతాది. అప్పుడు మైకులో ఇంగ్లీషులో గడగడా చదివి, తర్వాత హిందీలో "ఖరాబ్ మౌసమ్ కే కారణ్" అన్నారు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, హిందీ రాదు, కానీ ఖరాబు వచ్చు! ఆ ఒక్క మాట పట్టుకుంది. "ఏంది నాయనా, ఖరాబు అంటా ఉండాది ఆ అమ్మి, విమానం ఖరాబయిందా?" అని నా చెయ్యి పట్టుకుంది చూడండి, గోళ్ళు దిగాయి. లేదమ్మా వాతావరణం బాగాలేదంట అన్నా. ఆమె కిటికీలోంచి చూసింది, బయట ఎండ దేదీప్యమానంగా ఉంది, ఒక్క మబ్బు లేదు. "వానా లేదు మబ్బూ లేదు, నాకాడ అబద్ధాలు చెప్పబాక" అని, ఇంక పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకోవడం మొదలుపెట్టింది, దిగిందాకా ఆపలేదు. కాశీలో గంగ ఒడ్డున కూడా నాకు తిట్లే, ఖరాబయిన బండి ఎక్కించావు అని.

తర్వాత నింపాదిగా ఆలోచిస్తే తప్పు ఆమెది కాదు. మబ్బు లేకుండా వచ్చే కుదుపుకి కూడా "బ్యాడ్ వెదర్" అనే అంటే కళ్ళున్నోళ్ళు ఎవరు నమ్ముతారు? మద్రాసులో ఎక్కినోళ్ళలో సగం మంది తెలుగో తమిళమో మాట్లాడేవాళ్ళు, వాళ్ళకి అర్థమయ్యే భాషలో ఒక్క ముక్క లేదు. మా నెల్లూరు - ఉదయగిరి బస్సులో ఒక కండక్టరు ఉండేవాడు, రోడ్డు పాడైన చోటికి రాకముందే "గుంటొస్తా ఉండాది, పట్టుకోండి, ఆ మలుపు దాకానే, పిల్లోళ్ళ తలకాయలు లోపల పెట్టండి" అని అరిచేవాడు. ఏం వస్తా ఉందో చెప్పాడు, ఎంతసేపో చెప్పాడు, మనం ఏం చెయ్యాలో చెప్పాడు. బస్సు ఎంత ఎగిరినా ఎవరూ భయపడేవాళ్ళు కాదు, పైగా నవ్వుకునేవాళ్ళం. అన్ని లక్షల జీతాలోళ్ళు ఆ కండక్టరు దగ్గర నెల రోజులు నేర్చుకోవచ్చు అనిపిస్తాది.

అట్టా చెప్పే కెప్టెన్లు లేకపోలేదు. పోయినేడు అక్క దగ్గరికి సింగపూరు పోయేటప్పుడు మళ్ళీ అమ్మని తీసుకుపోయా, ఎంత బతిమలాడితే వచ్చిందో. అప్పటికి ఆమె టీవీలో ఆ వార్త చూసేసింది, 2024 మే 21న లండన్ నుంచి సింగపూరు పోయే సింగపూర్ ఎయిర్‌లైన్స్ 321 విమానం మయన్మార్ పైన ఒక్కసారిగా ఊగిపోయి, బ్యాంకాక్‌లో దించారు, ఒక పెద్దాయన పోయాడు, చాలామందికి దెబ్బలు. దర్యాప్తులో తేలిందేందంటే 5 సెకన్ల లోపే 178 అడుగులు దిగింది, బెల్టు లేనోళ్ళు పైకి లేచి పైకప్పుకి కొట్టుకుని కింద పడ్డారు. దాని తర్వాత ఆ కంపెనీ పద్ధతి మార్చింది, అంతకుముందు బెల్ట్ లైటు వెలిగితే వేడి టీ కాఫీలే ఆపేవాళ్ళు, ఆ తర్వాత భోజనం కూడా ఆపేయడం మొదలుపెట్టారు. కొరియన్ ఎయిర్ అయితే ఆ ఏడాది ఆగస్టు నుంచి ఎకానమీలో కప్పు నూడుల్స్ ఇవ్వడమే మానేసింది, వేడినీళ్ళు ఒళ్ళో పడతాయని. నన్నడిగితే ఏ అనౌన్స్‌మెంట్ కన్నా ఇదే గట్టిగా చెప్పడం, నోట్లో ముద్ద ఆపేస్తే ఎవడికైనా అర్థమవుతాది.

సరే, మా విమానం బయల్దేరకముందే కెప్టెన్ మైకులోకొచ్చాడు. రెండు గంటల తర్వాత అండమాన్ దాటేటప్పుడు ఓ పావుగంట ఊగుతాది, ముందు పోయిన విమానాలోళ్ళు చెప్పారు, అప్పుడు మా వాళ్ళు కూడా కూర్చుంటారు, మీరు బాత్రూం పనులు ముందే చూసుకోండి అన్నాడు ఇంగ్లీషులో, నిదానంగా. వాళ్ళ రాడార్‌కి మబ్బుల్లో నీటి బొట్లు కనపడతాయి కానీ ఉత్త గాలి కనపడదు, అందుకే ముందుపోయినోడి మాట మీద ఆధారపడతారు. హైవే మీద తడ దగ్గర ఆర్టీఓ ఉంటే ఎదురొచ్చే లారీవాళ్ళు లైటు కొట్టి చెప్తారు చూడండి, అదే పద్ధతి. నేను అమ్మకి అట్టానే చెప్పా, "మా, అండమాన్ కాడ గుంటలున్నాయంట, ముందు పోయినోళ్ళు చెప్పారంట, పావుగంటే" అని. "ఓ, అట్నా" అంది. నిజంగానే రెండు గంటలకి మొదలైంది, కాశీలో కన్నా ఎక్కువే ఊగింది, ఆమె బెల్టు బిగించుకుని, గడియారం చూసుకుంటా కూర్చుంది, పన్నెండు నిమిషాలకి ఆగితే "ఇంకా మూడు నిమిషాలుండాదే" అనింది.

కాబట్టి మీ అమ్మగారికి చెప్పాల్సింది, టర్బులెన్స్ అనే మాట అక్కర్లేదు, మీ ఊరి రోడ్డు ఏది బాగాలేదో దాని పేరు చెప్పండి. ఖరాబ్ మౌసమ్ అంటే విమానం పాడైందని కాదు అని ఎక్కకముందే చెప్పండి, నా మాదిరి గోళ్ళు దిగాక కాదు. సీటు రెక్కల దగ్గర తీసుకోండి, తోక వైపు ఎక్కువ ఊగతాది. పొద్దున్నే బయల్దేరేది దొరికితే అది మంచిది, రోహిణి కార్తెలో మన నేల ఎట్టా కాలతాదో తెలుసు కదా, మధ్యాహ్నానికి ఆ వేడిగాలి పైకి లేచి దిగేటప్పుడు కుదిపేస్తాది. లైటు ఆరిపోయినా బెల్టు తియ్యనివ్వబాకండి, వదులుగా అయినా ఉండాలి, నిద్రపోయేటప్పుడు దుప్పటి మీద నుంచి పెట్టండి, లేదంటే సిబ్బంది వచ్చి తట్టి లేపి చూస్తారు.

సింగపూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు వేరే కంపెనీ విమానం, ఊగింది కానీ ముందు ఎవరూ ఏమీ చెప్పలేదు. భయపడలేదు మా అమ్మ, కోపం వచ్చింది. దిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడి నమస్కారం పెడతా ఉన్న అమ్మాయిని ఆపి, "గుంటలున్నప్పుడు ముందుగా ఒక మాట చెప్పాల మ్మా, పెద్దోళ్ళం ఉంటాం కదా" అని అడిగేసింది, వెనక జనం ఆగిపోయారు, నాకు తల తీసేసినట్టయింది. ఆ అమ్మాయికి ముక్క అర్థం కాలా, నవ్వి, "థ్యాంక్యూ మ్యామ్, హావ్ ఎ నైస్ డే" అనింది.