గోడకు కాళ్లు ఆనించి పడుకోవడం ఆసనమేనా? విపరీత కరణి గురించి నా అనుభవం

మందుల షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే పని, సాయంత్రానికి కాళ్లు రాళ్లలా బరువెక్కుతున్నాయి అని మీరన్నారు. ఎవరో మీకు విపరీత కరణి, అంటే గోడకు కాళ్లు ఆనించి వెల్లకిలా పడుకోవడం, చేయమన్నారట. "అది ఆసనమా, ఊరికే పడుకోవడమా? మనసుకు కూడా మంచిదంటారు, అదెలా?" అని అడిగారు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాదీ నిలబడే ఉద్యోగమే. కొన్నేళ్లుగా స్కూలు నుంచి రాగానే ఇది చేస్తున్నాను కాబట్టి రెండు ప్రశ్నలకూ వివరంగానే జవాబిస్తాను.

ముందు కాళ్ల సంగతి. గుండె నుంచి రక్తం పాదాలకు దిగడం తేలిక, తిరిగి పైకెక్కడమే కష్టం. అందుకే కాళ్ల సిరల్లో ఒకవైపే తెరుచుకునే కవాటాలు ఉంటాయి. నడిచినప్పుడల్లా పిక్కల కండరాలు బిగుసుకుని ఆ సిరల్ని నొక్కుతాయి, రక్తం పైకి పోతుంది. ఒకేచోట నిలబడితే పిక్కలకు ఆ పని ఉండదు. రక్తం కిందే నిలిచి, అందులోని నీరు కొంత చుట్టుపక్కల కండలోకి ఊరుతుంది. రోజంతా తిరిగే పోస్ట్‌మ్యాన్ కంటే కౌంటర్ దగ్గర నిలబడే మీకే కాళ్లు ఎక్కువ లాగేది అందుకే. సాయంత్రం చెప్పులు బిగుతైపోవడం, చీలమండ పైన సాక్స్ గీత అచ్చుపడటం కూడా దీనివల్లే.

కాళ్లు గుండె కంటే ఎత్తులో పెడితే అదే భూమ్యాకర్షణ మనకు సాయం చేస్తుంది. ఐసీయూల్లో డాక్టర్లు రోగి కాళ్లు పైకెత్తించి గుండె ఎలా స్పందిస్తుందో చూస్తారు. అలా ఎత్తినప్పుడు సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం గుండె వైపు వస్తుందని వాళ్ల అంచనా. మెడలోని ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే మహాధమనిలో రక్తపు ఒత్తిడిని కనిపెట్టే నాడుల కొసలు ఉంటాయి. ఛాతీకి రక్తం బాగా చేరిందని తెలియగానే అవి మెదడుకు కబురు పంపుతాయి, గుండె వేగం కాస్త తగ్గుతుంది. మనం ఏమీ చేయకుండానే ఊపిరి నెమ్మదించినట్టు అనిపించడంలో దీని పాత్ర ఉంది.

అయితే ఒకమాట. వెరికోస్ వెయిన్స్ (కాళ్ల సిరలు ఉబ్బి మెలికలు తిరగడం) దీనితో నయం కావు. పాడైన కవాటం పాడైనట్టే ఉంటుంది. బరువు, లాగుడు, వాపు ఆ పూటకు తగ్గుతాయి. నాకు రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం కూడా బాగా తగ్గింది.

మీ మొదటి ప్రశ్నకు వస్తే, విపరీత కరణి పేరు 15వ శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో ఉంది. అక్కడ అది ఆసనం కాదు, ముద్ర, అంటే ప్రాణశక్తిని అదుపు చేసే సాధన. తల కిందికి, కాళ్లు పైకి ఉండాలి. మొదటి రోజు క్షణకాలం చేసి, రోజూ కొంచెం కొంచెం పెంచమంటుంది. ఆరు నెలలు దాటితే ముడతలు, నెరిసిన వెంట్రుకలు కనబడవని కూడా అంటుంది. ఆ మాటను మన గోడ పద్ధతికి అంటగట్టి ప్రచారం చేయడం నాకు నచ్చదు. గోడ, దిండు, కుర్చీ లాంటివాటి సాయంతో ఆసనాలు చేయించడాన్ని ప్రపంచమంతా అలవాటు చేసినవారు పుణేలో ఉండి నేర్పిన యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014). మన గోడ పద్ధతీ ఆ కోవలోదే. పెద్దవాళ్లకూ ఒళ్లు వంగనివాళ్లకూ యోగా అందిందంటే అందులో ఆయన చలవ చాలా ఉంది.

చేసే తీరు సులువు. గోడకు తుంటి తగిలేలా పక్కకు తిరిగి కూర్చుని, చేతుల మీద ఆనుకుంటూ వెల్లకిలా వాలుతూ కాళ్లు గోడ మీదికి ఎత్తాలి. తొడల వెనక లాగితే గోడకు జానెడో మూరెడో దూరం జరగండి, మోకాళ్లు కొంచెం వంగినా పర్వాలేదు. నడుం కింద మడతపెట్టిన దుప్పటి ఉంటే హాయిగా ఉంటుంది. మొదట్లో 5 నిమిషాలు, అలవాటయ్యాక 10, 15 నిమిషాలు. తిమ్మిరెక్కితే కాళ్లు మడిచేయండి. లేచేటప్పుడు మాత్రం ఒక పక్కకు ఒత్తిగిలి కాసేపు ఆగాలి, గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.

ఇక మనసు విషయం. నేను ఇది మానకపోవడానికి కాళ్ల కంటే ఇదే పెద్ద కారణం. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో ధ్యాసంతా పడిపోకుండా నిలబడటం మీదే ఉంటుంది. సూర్య నమస్కారాల్లో తర్వాత ఏం చేయాలన్నది ఉంటుంది. ఇక్కడ ఒంటికి ఏ పనీ లేదు, చేతులు ఖాళీ. పనిలో మునిగి ఉండేవాళ్లకు ఇదే కష్టం. అందుకే చాలామంది ఫోన్ పట్టుకుని పడుకుంటారు. కాళ్లకు ఎలాగూ లాభమే కానీ, మిగతాది దక్కదు. ఫోన్ వేరే గదిలో పెట్టండి.

మొదట వచ్చేవి పనులే: గ్యాస్ బుక్ చేయలేదు, రేపటి యూనిట్ టెస్ట్ పేపర్ తయారుకాలేదు. వాటిని తరమక్కర్లేదు, వచ్చినవి వచ్చినట్టే పోతాయి. అవి సద్దుమణిగాక ఆ రోజు చూసినవి ఒక్కొక్కటే తేలుతాయి. తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ అమ్మాయి కొన్నాళ్లుగా నోట్సు తెరవడం లేదన్న సంగతి నాకు ఇలా పడుకున్నప్పుడే తట్టింది. క్లాసునిండా పిల్లలున్నప్పుడు కన్ను చూస్తుంది, మనసుకు తీరిక ఉండదు. మర్నాడు పక్కకు పిలిచి అడిగితే, వాళ్లమ్మ పనికోసం వేరే ఊరు వెళ్లిందనీ, రాత్రిళ్లు చంటి తమ్ముణ్ణి తనే చూసుకుంటోందనీ చెప్పింది. ఆ పిల్ల ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడాం, పరిస్థితి కొంత చక్కబడింది. ఇలా తేలేవన్నీ మంచివే కావు, దిగులూ తేలుతుంది. కళ్లు చెమ్మగిల్లితే ఆపుకోకండి. భయం, గాభరా ఎక్కువైతే కళ్లు తెరిచి, కాళ్లు దించేయండి. ఊపిరి వదలడం తీసుకోవడం కంటే కాస్త ఎక్కువసేపు సాగనిస్తే చాలు, మంత్రాలూ లెక్కలూ అక్కర్లేదు.

మందుల షాపులో ఉంటారు కాబట్టి ఈ జాగ్రత్తలు మీకు తెలిసే ఉండొచ్చు, అయినా చెబుతాను. గ్లకోమా (కంటి నాడి దెబ్బతినే జబ్బు), రెటీనా ఇబ్బంది, అదుపులో లేని బీపీ, గుండె వైఫల్యం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా చేయొద్దు. గర్భిణులూ అంతే. తిన్న వెంటనే చేస్తే పులితేన్పులు వస్తాయి, రెండు మూడు గంటలు ఆగాలి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, నొప్పి, వేడి ఉంటే అది నిలబడటం వల్ల వచ్చిన వాపు కాకపోవచ్చు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు ఆసనం వద్దు, మర్దనా వద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

షాపులో ఉన్నంతసేపూ వీలైనప్పుడల్లా కౌంటర్ వెనక మడమలు ఎత్తి దించుతూ ఉండండి, పిక్కలకు పని దొరుకుతుంది. ఇంట్లో అలమరాలు, మంచాలు పోగా ఖాళీ గోడ లేకపోతే నేల మీద పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టుకోండి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు గోడ కంటే అదే సుఖం.