స్లైగో లోపలికి, మీథ్ బయటికి: గేలిక్ ఫుట్‌బాల్ నిబంధనలపై పాఠకుల ప్రశ్నలు

ఐర్లండ్‌లో ఉంటున్న పాఠకులు కొందరు గేలిక్ ఫుట్‌బాల్ పోటీల పద్ధతి గురించి అడిగారు. ఆట తెలియనివారి కోసం ముందుగా ఒక్క మాట. జట్టుకు 15 మంది. కౌంటీల మధ్య మ్యాచ్ 70 నిమిషాలు. బంతి వలలో పడితే గోల్, దాని విలువ 3. అడ్డకర్ర మీదుగా నిలువు కర్రల మధ్యకు వెళ్తే మామూలుగా 1. స్కోరు 2-14 అని రాస్తే 2 గోల్స్, 14 పాయింట్లు, మొత్తం 20 అని లెక్క.

ప్రశ్న: మా ఆఫీసులో లీట్రిమ్ కుర్రాడు "మా కౌంటీకి కప్పు కల్లో మాటే" అంటుంటాడు. ఐపీఎల్‌లో మాదిరిగా ఆటగాళ్లను కొనుక్కోవచ్చు కదా? (డబ్లిన్)

కొనడం, అమ్మడం ఈ ఆటలో లేవు. అందరూ జీతం లేకుండా ఆడేవాళ్లే. ఎవరైనా తన క్లబ్ ఉన్న కౌంటీకి గానీ, సొంత కౌంటీకి గానీ ఆడాలి. కాబట్టి జట్టు బలం చాలావరకు జనాభా బట్టే ఉంటుంది. 2022 జనగణనలో లీట్రిమ్ జనాభా 35 వేల పైచిలుకు, డబ్లిన్‌ది దాదాపు 14.5 లక్షలు. అంటే 40 రెట్లకు పైగా తేడా. ఆ 35 వేలల్లోనూ చదువుకో ఉద్యోగానికో ఊరు దాటినవాళ్లు పోను, మిగిలినవాళ్లలో 30 మంది స్క్వాడ్‌ను పోగుచేయాలి. 2025 లీగ్‌లో ఫర్మానాతో మ్యాచ్‌కు లీట్రిమ్ జట్టును దింపలేక వదులుకోవాల్సి వచ్చింది. కొనక్ట్ ప్రాంతీయ టైటిల్ ఆ కౌంటీకి దక్కింది రెండే సార్లు, 1927లోనూ 1994లోనూ. ఈ తేడాను ఏ నిబంధనా పూడ్చలేదు. నిబంధనలు చేయగలిగింది ఒకటే, ఉన్న తేడాను ఇంకా పెంచకుండా చూడటం. అక్కడే లోపాలున్నాయి.

ప్రశ్న: 2023లో నాలుగో డివిజన్ స్లైగో పెద్ద కప్పులో ఆడింది, రెండో డివిజన్ మీథ్ చిన్న కప్పులో ఆడింది. ఇది ఎలా సాధ్యం? (గాల్వే)

మంచి ప్రశ్న. మొత్తం గొడవకు మూలం ఇదే, కాబట్టి లెక్క విప్పి చూద్దాం.

పెద్ద కప్పు పేరు సామ్ మగ్వైర్, రెండోది టాల్చన్ కప్. సామ్ మగ్వైర్‌లో 16 స్థానాలు. వాటిలో 8 నాలుగు ప్రాంతాల (కొనక్ట్, లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్) ఫైనల్ ఆడిన జట్లకు పోతాయి, గెలిచినా ఓడినా. ఒకటి కిందటి ఏడాది టాల్చన్ విజేతకు. మిగతావి లీగ్ ర్యాంకు ప్రకారం నింపుతారు. లీగ్‌లో 4 డివిజన్లు, ఒక్కోదానిలో 8 జట్లు, జట్టుకు 7 మ్యాచ్‌లు, పైనుంచి ఇద్దరు ఎక్కుతారు, కిందినుంచి ఇద్దరు దిగుతారు. మూడో డివిజన్ నుంచి పైకెక్కిన ఇద్దరినీ 15, 16 ర్యాంకులుగా లెక్కిస్తారు.

ఇక 2023. లీగ్ ప్రకారం మొదటి 16లో లేని మూడు జట్లు వేరే తలుపుల గుండా లోపలికొచ్చాయి: క్లేర్ (మన్‌స్టర్ ఫైనల్), స్లైగో (కొనక్ట్ ఫైనల్), వెస్ట్‌మీథ్ (2022 టాల్చన్ విజేత). 16లోంచి 3 తీస్తే 13. రెండో డివిజన్‌లో ఆరో స్థానంలో నిలిచిన మీథ్ ర్యాంకు 14. లెన్‌స్టర్‌లో ఆఫలీ చేతిలో ఓడింది కాబట్టి ఫైనల్ తలుపూ మూసుకుపోయింది. దాని వెనక ఉన్న క్యావన్, ఫర్మానా కూడా మీథ్‌తో పాటే టాల్చన్‌కు వెళ్లాయి.

మరి స్లైగో ఫైనల్‌కు ఎవరిని ఓడించి వచ్చింది? లండన్‌ను, న్యూయార్క్‌ను. కొనక్ట్ ప్రాంతంలో 5 కౌంటీలతో పాటు ఈ రెండు ప్రవాస జట్లూ ఆడతాయి. ఆ ఏడాది న్యూయార్క్ లీట్రిమ్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్‌షిప్‌లో తన తొలి గెలుపు సాధించింది, దానితో స్లైగోకు సెమీఫైనల్ ప్రత్యర్థి న్యూయార్క్ అయింది. స్లైగో తప్పేమీ లేదు. ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే చీటీల డ్రా చేసిన మేలు అది.

2024లో క్లేర్ సంగతి ఇంకా విచిత్రం. మన్‌స్టర్‌లో 6 జట్లే, అందులో రెండింటికి నేరుగా సెమీఫైనల్. క్లేర్ వాటర్‌ఫర్డ్‌ను ఒక్క మ్యాచ్‌లో ఓడించి ఫైనల్ చేరింది, సామ్ మగ్వైర్ స్థానం చేతికొచ్చింది. అదే అల్‌స్టర్‌లో 9 జట్లు. ప్రిలిమినరీ ఆడాల్సిన జట్టు ఫైనల్ చేరాలంటే మూడు గెలుపులు కావాలి, అదీ గట్టి ప్రత్యర్థుల మీద. చిన్న కౌంటీకి అసలు అన్యాయం ఇదే: ఏ ప్రాంతంలో పడ్డావన్నదాని మీద దారి పొడవు మారుతుంది. ఫైనలిస్టులిద్దరికీ కాకుండా విజేతకు మాత్రమే స్థానం ఖాయం చేస్తే 4 స్థానాలు లీగ్‌కు తిరిగొస్తాయి. మా దృష్టిలో ఇది తేలికగా చేయగల మార్పు.

ప్రశ్న: టాల్చన్ కప్ అంటే ఓదార్పు బహుమతే కదా? (కార్క్)

రంజీ ట్రోఫీ ప్లేట్ గ్రూప్ గుర్తుచేసుకోండి. హైదరాబాద్ 2023-24లో అక్కడికి దిగింది, అరుణాచల్‌పై తన్మయ్ అగర్వాల్ 181 బంతుల్లో 366 కొట్టాడు, ఫైనల్లో మేఘాలయను ఓడించి ఎలీట్‌కు తిరిగి వెళ్లింది. ప్లేట్‌కు విలువ వచ్చింది పైకెక్కే మెట్టు ఉండటం వల్ల. టాల్చన్‌కూ అంతే.

ఇంతకు ముందు 2004 నుంచి 2008 వరకు టామీ మర్ఫీ కప్ అని ఒకటి నడిపారు, ఆదరణ లేక ఆగిపోయింది. 2022లో మొదలైన టాల్చన్‌లో మాత్రం విజేతకు మరుసటి ఏడాది సామ్ మగ్వైర్ స్థానం ఉంది, సెమీఫైనల్స్, ఫైనల్ 82 వేలు పట్టే క్రోక్ పార్క్‌లో ఆడించారు. 2023లో బయట పడ్డ మీథ్ ఆ ఏడాది టాల్చన్ గెలిచింది. 2025లో డబ్లిన్, కెర్రీ, గాల్వేలను ఓడించి ఆల్ ఐర్లండ్ (అంటే సామ్ మగ్వైర్) సెమీఫైనల్ దాకా వెళ్లింది. సమ ఉజ్జీలతో ఆడిన వేసవి వృథా పోలేదు. 20 పాయింట్ల తేడాతో ఓడుతూ గడిపే వేసవితో ఏ కుర్రాడూ ఆట నేర్చుకోడు.

ప్రశ్న: ప్రాంతాలనే సమానంగా పంచితే సరిపోదా? (లిమరిక్)

2021 అక్టోబరులో ఈ ఆటను నడిపే సంస్థ జీఏఏ ప్రత్యేక సమావేశం ముందుకు అదే వచ్చింది. నాలుగు ప్రాంతాలను తలా 8 జట్లుగా సర్దుదామన్నది మొదటి ప్రతిపాదన. సొంత ప్రాంతం వదిలి ఎవరు వెళ్తారు? కొట్టేశారు. రెండోది, లీగ్‌నే వేసవికి మార్చి అదే ఛాంపియన్‌షిప్ చేయడం. దానికి 50.6 శాతం ఓట్లు పడ్డాయి, కావలసింది 60 శాతం. అందులోనూ ఒక చిక్కుంది: మొదటి డివిజన్‌లో ఆరో జట్టు ఇంటికి, నాలుగో డివిజన్ విజేత లోపలికి. చిన్నవారికి దారి తెరవబోయి, కాదనడానికి పెద్దవారికి కారణం చేతికిచ్చారు.

2023 నుంచి 2025 వరకు నడిచిన గ్రూప్ పద్ధతిలో 24 మ్యాచ్‌లు ఆడి 4 జట్లనే ఇంటికి పంపేవారు. 2026 నుంచి దాన్ని తీసేసి నాకౌట్ రౌండ్లు పెట్టారు. తొలి రౌండ్‌లో ఓడినవారికి మరో అవకాశం ఉంటుంది.

ప్రశ్న: మైదానం ఎవరిదన్నది అంత ముఖ్యమా? (నేస్)

మీరు కిల్‌డేర్‌లోనే ఉన్నారు కాబట్టి 2018 వినే ఉంటారు. మేయోతో మ్యాచ్‌కు కిల్‌డేర్‌కు సొంత మైదానం డ్రాలో వచ్చింది. న్యూబ్రిడ్జ్‌లోని సెయింట్ కాన్‌లెత్స్ పార్క్ చిన్నదని క్రోక్ పార్క్‌కు మార్చబోయారు. ఆడితే న్యూబ్రిడ్జ్‌లోనే, లేదంటే ఆడం అని కిల్‌డేర్ భీష్మించింది. చివరికి అక్కడే ఆడి 0-21, 0-19తో గెలిచింది. నిబంధన పుస్తకంలో ఉన్న హక్కును కూడా పోట్లాడి తెచ్చుకోవాల్సి రావడమే ఇక్కడ గమనించాల్సింది.

డబ్లిన్ 2011 నుంచి 2024 వరకు వరసగా 14 సార్లు లెన్‌స్టర్ గెలిచింది, ఆ మ్యాచ్‌ల్లో చాలావరకు ఇంటి పక్కనున్న క్రోక్ పార్క్‌లోనే. 2025 సెమీఫైనల్ పోర్ట్‌లీష్‌లో జరిగింది, మీథ్ గెలిచింది. వేదిక ఒక్కటే కారణమనలేం గానీ, లెక్కలోకి రాదనీ అనలేం. ఆ ఏడాది లెన్‌స్టర్ ఫైనల్లో లౌత్ 3-14, మీథ్ 1-18. అంటే 23, 21. లౌత్‌కు 1957 తర్వాత అదే తొలి లెన్‌స్టర్ టైటిల్.

ప్రశ్న: 2025లో వచ్చిన ఆట నిబంధనలు చిన్న జట్లకు మేలా, కీడా? (వాటర్‌ఫర్డ్)

రెండూ. ముగ్గురు ఎప్పుడూ ప్రత్యర్థి సగంలోనే ఉండాలి కాబట్టి గోల్‌కీపర్‌తో కలిపి 12 మందే కాపలా కాయగలరు. బంతి వెనక 14 మందిని పేర్చి స్కోరు ఆపడం బలహీన జట్టుకు ఉన్న ఒకే ఆయుధం, అది పోయింది. బదులుగా గోల్ నుంచి 40 మీటర్ల దూరంలో గీసిన చాపం (వంపు గీత) అవతలి నుంచి కొట్టిన పాయింట్‌కు 2 వచ్చింది. దూరం నుంచి గురి తప్పని ఒక్క కాలున్నా 6 పాయింట్ల వెనకబాటు మూడు కిక్కుల్లో తీరుతుంది. అయితే గాలి సంగతి మరవొద్దు. గాలి వాటంగా ఉన్న సగంలోనే ఇవి ఎక్కువగా పడతాయి, రెండో సగంలో అదే గాలి అవతలి జట్టు వెనక ఉంటుంది.