స్టాప్‌వాచ్ నాకిచ్చెయ్

బుజ్జీ,

ఎంసెట్ రాసిన మర్నాడే స్టేడియానికి వెళ్లావని, పదిహేను వందల మీటర్లు పూర్తి కాకముందే ట్రాక్ పక్కన కూలబడి ఏడ్చావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఏడిస్తే ఏడ్చావులే. ‘ఇక నావల్ల కాదు’ అన్నావట, ఆ మాటకే ఈ ఉత్తరం.

దీపావళి నుంచి పుస్తకాల ముందే కూర్చున్నావు కదా. పరుగు మానేస్తే ముందుగా తగ్గేది రక్తంలోని నీటి భాగం, ప్లాస్మా. అది కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. అప్పుడు గుండె కొట్టుకున్న ప్రతిసారీ తక్కువ రక్తం వెళ్తుంది కాబట్టి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మొదటి రౌండ్‌లోనే ఆయాసం వచ్చిందంటే చాలావరకు ఇదే కారణం. బాగా సాధన చేసినవాళ్ల చేత 12 వారాలు మాన్పించి చూశారు, 1984లో. ఒళ్లు ఆక్సిజన్‌ని వాడుకునే శక్తి మొదటి మూడు వారాల్లోనే దాదాపు 7 శాతం తగ్గింది, చివరికి 16 శాతం. కానీ కండరాల్లో పెరిగిన సన్నటి రక్తనాళాలు మాత్రం అలాగే ఉన్నాయి. నువ్వు ఏడో తరగతి నుంచి పరిగెత్తావు. ఆ పెట్టుబడి అంతా ఎక్కడికీ పోలేదు.

దానికితోడు ఎండ. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే మన బెజవాడలో, హాస్టల్ ఏసీ గదిలోంచి నేరుగా ట్రాక్ మీదికి దిగావు. ఎండకు ఒంటికున్న అలవాటు కూడా పోతుంది తల్లీ. మళ్లీ రావడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. అందాకా తెల్లారకముందే వెళ్లి, ఆరున్నరకల్లా ఇంట్లో ఉండు. ఉప్పేసిన మజ్జిగ మరవకు.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు ఇరవై నిమిషాలు చాలు. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగినంత నెమ్మదిగా. సిగ్గేస్తుంది, తెలుసు. నీకంటే చిన్నపిల్లలు దాటిపోతుంటారు, పోనీ. మధ్య రోజుల్లో గుంజీళ్లు, మెట్టు మీద మునివేళ్లపై లేచి దిగడం. ఈ లోపు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో, ఆడపిల్లల ఆయాసానికి అదీ కారణం కావచ్చు.

అసలు ప్రమాదం మూడో వారంలో. ప్లాస్మా త్వరగా తిరిగొస్తుంది, ఊపిరి తేలికవుతుంది, పాత స్పీడ్ అందినట్టే అనిపిస్తుంది. కానీ ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టే నరాల్లాంటి పట్టీలు అంత త్వరగా గట్టిపడవు. గుండె ‘పద’ అంటుంది, కాలు ‘ఆగు’ అంటుంది. నేను కాలి మాట వినలేదు. డిగ్రీలో ఉండగా పచ్చకామెర్లతో మూడు నెలలు మంచంలో ఉన్నాను. లేచిన మూడో వారంలో ప్రకాశం బ్యారేజీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పందెం వేసి పరిగెత్తాను. పందెం గెలిచాను. వారం తిరక్కుండా షిన్ నొప్పి, అంటే మోకాలి కింద ముందు ఎముకలో నొప్పి, బాత్రూమ్‌కి కూడా గోడ పట్టుకునే వెళ్లాను. కామెర్లు మూడు నెలలు తింటే ఆ పందెం ఇంకో రెండు నెలలు తినేసింది.

సింధు తెలుసుగా. 2022లో చీలమండ ఎముక చిట్లిన కాలితోనే కామన్వెల్త్ స్వర్ణం గెలిచి, నెలల తరబడి ఆటకు దూరమై, 2023 జనవరిలో మలేసియాలో తిరిగి దిగి మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. ఆమె అంతటిదానికే అలా అయితే, నీకు మొదటి రోజు పాత టైమింగ్ వస్తుందా?

స్పైక్స్ బూట్లు అటక మీదే ఉండనీ. మోకాలి కింద ఎముకను వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి పుడితే, ఆ రోజు పరుగు లేదు, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసి కాగితం మీద రాసుకో. వారం వారం ఆ అంకె తగ్గుతుంటే నాకు ఫోన్ చెయ్, టైమింగ్ అడగను.

ఆదివారం గుంటూరు రా. పొద్దున్నే బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో నాతో నడుద్దువుగానీ. పెద్దమ్మ పెసరట్లు వేస్తానంది. వచ్చేటప్పుడు ఆ స్టాప్‌వాచ్ పట్టుకురా, నెల దాకా నా బీరువాలోనే ఉంటుంది.

మీ పెదనాన్న