పడవ అద్దె 45 వేలే, ఆ రోజు ఖర్చు మాత్రం అంతటితో ఆగదు

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మా ఆయన చిత్తూరులో ప్రైవేటు ఉద్యోగి. డిసెంబరులో మా అత్తామామల పెళ్లికి 40 ఏళ్లు నిండుతాయి. ఆడబిడ్డ, మరిది కుటుంబాలతో కలిపి తొమ్మిది మందిమి గోవా వెళ్లి, ఒక పూట మా వాళ్ల కోసమే యాట్ (విహార పడవ) మాట్లాడుకుందామనుకుంటున్నాం. ఐదు గంటలకు 45,000 అడిగారు. మామిడి డబ్బు ఎలాగూ వస్తుంది, ఇప్పటికి క్రెడిట్ కార్డు మీద కట్టేద్దామంటారు మా ఆయన. నేనేమో ఎఫ్‌డీ తీద్దామంటున్నాను. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దమ్మా. యాట్ మాత్రం ఎక్కండి. తోటే లోకంగా బతికిన పెద్దవాళ్లను సముద్రం మీదికి తీసుకెళ్లాలన్న మీ కోరికను ఖర్చు పేరు చెప్పి కాదనడం నాకిష్టం లేదు. మార్చుకోవాల్సింది తేదీని, డబ్బు కట్టే తీరును.

ముందు ఆ 45,000 సంగతి చూద్దాం. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా? విడిగా 18 శాతం వేస్తే 8,100. భోజనం వాళ్లే పెడితే మనిషికి 700 అనుకున్నా 6,300. దిగేటప్పుడు సిబ్బంది చేతిలో పెట్టేది ఓ 3,000. ఇక్కడికే 62,400 అయింది. డీజిల్ అద్దెలో కలిసే ఉందా, ఎంత దూరం వరకు, డిపాజిట్ ఏమైనా అడుగుతారా, అది ఎప్పుడు తిరిగిస్తారు అన్నవీ తేల్చుకోవాలి.

అన్నిటికన్నా గడియారంతో జాగ్రత్త. ఐదు గంటలకు 45,000 అంటే నిమిషానికి 150 రూపాయలు. మీరు ఎక్కినప్పటి నుంచి లెక్క మొదలవుతుందా, బుక్ చేసిన టైమ్ నుంచా అన్నది ముందే అడగండి. బుక్ చేసిన టైమ్ నుంచే అయితే, పెద్దవాళ్లూ పిల్లలూ తయారై జెట్టీకి చేరేసరికి అరగంట ఆలస్యమైందంటే 4,500 నీళ్లపాలే. అందుకే ముందు రోజు రాత్రి జెట్టీకి దగ్గర్లో గది తీసుకోండి. అద్దె కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. ఇంకో గంట ఉందామని పిల్లలు పట్టుబడితే జీఎస్టీతో కలిపి మరో 10,620. కాబట్టి ఆ ఒక్క పూటకు 75,000 పక్కన పెట్టుకోండి. రైలు, గదులు వేరే లెక్క.

ఇక కార్డు. బిల్లు గడువులోగా మొత్తం కట్టలేకపోతే చాలా కార్డులు నెలకు 3.5 శాతం దాకా వడ్డీ వేస్తాయి. అంటే మూడున్నర రూపాయల వడ్డీ! ఊళ్లో ఎవరైనా ఆ రేటు చెబితే గడప దిగి వచ్చేస్తాం కదా. ఇక మామిడి డబ్బు అంటారా, 2025లో తోతాపురి కిలోకి గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ఖరారు చేశారు. కానీ ధర ఖరారు కావడం వేరు, డబ్బు ఖాతాలో పడటం వేరని తోట ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఖాతాలో పడ్డాకే లెక్కలోకి తీసుకోండి. పడ్డాక కూడా ముందు పంట రుణం కట్టండి. కిసాన్ క్రెడిట్ కార్డు కింద 3 లక్షల లోపు రుణాన్ని గడువులోగా తీరిస్తే 4 శాతం వడ్డీతో పోతుంది. గడువు దాటితే 3 శాతం రాయితీ చేజారిపోతుంది. రెండు లక్షల అప్పుంటే ఏడాదికి 6,000 నష్టం. ఎఫ్‌డీని ఆసుపత్రి అవసరాలకు అలాగే ఉంచండి.

తేదీ విషయానికొస్తే, డిసెంబరు చివరి పది రోజులు గోవాలో అన్నిటి ధరా మండిపోతుంది. పెళ్లిరోజున అందరూ కాణిపాకం వెళ్లి స్వామిని దర్శించుకోండి. గోవా సంక్రాంతి తర్వాత, శని, ఆదివారాలు కాని రోజుల్లో పెట్టుకోండి. పిల్లలకు బడి రెండు రోజులు పోతే పోనివ్వండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, తొమ్మిది బెర్తులు ఒకచోట కావాలంటే మొదటి రోజే చేయించండి. ఆలోగా మూడు కుటుంబాలూ తలా 25,000 ఒకే ఖాతాలో వేయాలి. ఈ మాట అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చండి. మొహమాటపడి మీరే మొత్తం కట్టేసి, తర్వాత ఆడబిడ్డను అడగలేక లోలోపల బాధపడే పరిస్థితి మీకు రాకూడదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు చూసి ఎవరి సొంత నంబరుకో యూపీఐ కొట్టొద్దు. పడవ రిజిస్ట్రేషన్ నంబరు, బీమా, ఎంతమందికి అనుమతి ఉంది, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడగండి. గాలివాన వల్ల పడవ కదలకపోతే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో తేదీ ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఇవన్నీ వచ్చాకే అడ్వాన్స్. మోసపోయామనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ అత్తామామలకు సముద్రం కొత్తయితే, సగం సమయమైనా మాండోవి నదిలోనే తిప్పమని చెప్పండి. నది దాటి సముద్రంలోకి వెళితే ఊపు పెరుగుతుంది. వాంతులు రాకుండా మాత్ర ఎక్కకముందే వేసుకోవాలి, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లయితే డాక్టరును అడిగే వేసుకోవాలి. పడవలోకి సూట్‌కేసులు వద్దు, గుడ్డ సంచులు చాలు.

నవంబరు చివరికి ఖాతాలో 75,000 చేరకపోతే అదే యాట్‌ను రెండు గంటలకు మాట్లాడండి. అదీ కుదరకపోతే పణజీలో శాంటా మోనికా జెట్టీ నుంచి గోవా పర్యాటక సంస్థ నడిపే పడవలున్నాయి, తొమ్మిది టికెట్లు కొనుక్కోండి.