ముందు నీళ్ల సంగతి తేల్చు, తర్వాతే మోటారు

చి. చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

నీ 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారులో హీటర్ బ్లోయర్, అదే లోపలికి వేడిగాలి తోసే ఫ్యాన్, తిరగడం లేదనీ, మోటారు నువ్వే మార్చుకుంటానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎవరికో అప్పగించకుండా నువ్వే చెయ్యి పెడుతున్నందుకు చాలా గర్వంగా ఉందిరా. వెంటనే గుబులూ పట్టుకుంది. న్యూజెర్సీలో మీ ఎడిసన్‌లో చలికాలం పొద్దున్నే ముందద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేస్తుంది. ఆ ఆవిరి పోగొట్టే డీఫ్రాస్టర్‌కి గాలి తోసేది కూడా ఆ మోటారే. చలేస్తే స్వెటర్ వేసుకోవచ్చు, ఎదురుగా రోడ్డు కనపడకపోతే ఏం చేస్తావు? పని పూర్తయ్యేదాకా పాపని ఆ కారెక్కించకు.

మోటారు నిజంగానే పోయిందా అన్నది ముందు చూసుకో. ఫ్యూజు, గ్రౌండ్ వైరు చూడు. హైలో మాత్రమే తిరిగి, తక్కువ స్పీడుల్లో తిరగకపోతే మోటారు బాగున్నట్టే. కరెంటు తగ్గించి స్పీడు తగ్గించే రెసిస్టర్ కాయిల్ తెగి ఉంటుంది. హైలో కరెంటు రెసిస్టర్‌తో పనిలేకుండా నేరుగా వెళ్తుంది కాబట్టి అలా జరుగుతుంది. అసలు తిరగకపోతే కనెక్టర్ ఊడదీసి, బ్యాటరీ ప్లస్ నుంచి జంపర్ వైరుతో మోటారుకి నేరుగా కరెంటిచ్చి చూడు. ఆ వైరులో ఫ్యూజు ఉండి తీరాలి. అరవయ్యేళ్ల నాటి ఇన్సులేషన్ అది, డాష్ కింద అంటుకుంటే ఆర్పడానికి చెయ్యి కూడా పట్టదు. పరీక్ష అయ్యాక బ్యాటరీ మైనస్ తీసి పక్కన పెట్టు. ఈ మాట మర్చిపోయావంటే ఊరుకోను.

ఇక అసలు సంగతి. ఈ కార్లలో ఏళ్ల తరబడి జనం చేస్తున్న పొరపాటు ఒకటుంది. మోటారు పోయింది, కొత్తది బిగించాం, అయిపోయిందనుకుంటారు. అది ఎందుకు పోయిందో అడగరు. రెండు వానాకాలాలు తిరక్కుండానే కొత్త మోటారూ కీచుమంటుంది. దాన్ని చంపేది నీళ్లు.

ముందద్దం కింద, వైపర్ల దగ్గర చీలికలున్న రేకుంది చూడు, దాని అడుగున పెట్టెలాంటి ఖాళీ ఉంటుంది. దాన్నే కౌల్ అంటారు. హీటర్‌కి బయటి గాలి అక్కడినుంచే వస్తుంది. వాననీళ్లు కూడా అందులోనే పడి, రెండు చివర్ల నుంచి ఫెండర్ల (ముందు చక్రాల మీది రేకుల) వెనగ్గా కిందికి జారిపోవాలి. గాలి దిగే రంధ్రం చుట్టూ గోడలాగా ఒక అంచు లేపి ఉంటుంది, నీళ్లు లోపలికి దిగకుండా. ఆకులు పేరుకుంటే ఆ చెమ్మ ఆరదు, అంచు మొదలంటా తుప్పు తినేస్తుంది. అంతా వెల్డింగ్ చేసి మూసేసిన పెట్టె కాబట్టి పైనుంచి ఏమీ కనపడదు. ప్రయాణికుడి వైపు తుప్పు పడితే వాననీళ్లు తిన్నగా మోటారు ఉండే హీటర్ పెట్టెలోకి దిగుతాయి, మోటారు బేరింగులు తుప్పెక్కి బిగుసుకుంటాయి.

అందుకని హీటర్ పెట్టె దింపగానే, కొత్త మోటారుని ముట్టుకోకముందే, ఆ రంధ్రం చుట్టూ పొడి కాగితం తువ్వాళ్లు పరిచి, కోడలమ్మాయిని పైనుంచి గొట్టంతో సన్నగా నీళ్లు పొయ్యమను. ముందు డ్రైవర్ వైపు, తర్వాత ప్రయాణికుడి వైపు, ఒక్కోచోట ఐదు నిమిషాలు. నువ్వు కింద టార్చిలైటు పట్టుకుని చూడు. అంచు మొదట్లో ఒక్క చుక్క మెరిసినా చిల్లు పడ్డట్టే. కిందినుంచి అతికించే ప్లాస్టిక్ అంచులు దొరుకుతాయి, సీలెంట్ దండిగా పట్టిస్తే కొన్నేళ్లు నెట్టుకురావచ్చు. సరైన వైద్యం మాత్రం స్పాట్ వెల్డులు డ్రిల్ చేసి పైరేకు లేపి కొత్త ఇనుము వెయ్యడమే. అది పెద్ద పని, దానికి తెలిసినవాడిని పిలువు.

బండి ఛాసిస్ నంబరులో (ప్లేటు మీది నంబరు కాదు) రెండోది టి అక్షరమా చూడు. అయితే అది ఫోర్డ్ వాళ్ల మెటూచెన్ ప్లాంటులో పుట్టిన కారు. ఆ ప్లాంటు ఉన్నది మీ ఎడిసన్‌లోనే, 2004లో మూసేశారు. పుట్టిన చోటే తిరిగిన బండైతే మంచూ ఉప్పూ బాగా తిని ఉంటుంది, తుప్పు కోసం ఇంకా గట్టిగా వెతుకు.

హీటర్ పెట్టె దింపడం ఓపిక పని. గ్లవ్‌బాక్స్ అట్ట తీసేస్తే చెయ్యి పడుతుంది. కేబుళ్ల క్లిప్పులు ఎక్కడున్నాయో ఫోటోలు తీసుకో. రేడియేటర్ చల్లారాకే కూలెంట్, అదే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, దింపు. అది తియ్యగా ఉండే విషం, పాపకి గానీ పక్కింటి కుక్కకి గానీ అందకుండా మూతున్న డబ్బాలో పొయ్యి. హీటర్ గొట్టాలు రాకపోతే మెలితిప్పకు. అవి తగిలేది హీటర్ కోర్‌కి, అంటే పెట్టెలో వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్‌కి. కోర్ పైపులు మెత్తటి లోహం, అతుకు విరుగుతుంది. బ్లేడుతో గొట్టాన్ని నిలువుగా చీల్చెయ్యి, కొత్త గొట్టం చవక. ఇంజిన్ వైపు నట్లన్నీ తీశాక కూడా పెట్టె కదలకపోతే లాగకు, ఎక్కడో ఇంకో స్క్రూ ఉంది. కంటద్దాలు పెట్టుకో, తుప్పు రాలేది మొహం మీదే.

పాత మోటారు షాఫ్టు మీద ఫ్యాన్ చక్రం ఎంత లోతున ఉందో తీసేముందే కొలుచుకో. కొత్తదాని మీదా అంతే ఉండాలి, లేకపోతే పెట్టె గోడకి రాసుకుంటుంది. చక్రాన్ని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న స్క్రూ బిగుసుకుంటే తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలెయ్యి, సుత్తి ముట్టుకోకు. చక్రం రెక్కలకి తగిలించిన చిన్న క్లిప్పులు తూకం కోసం పెట్టినవి, మురికి అనుకుని పీకెయ్యకు. పెట్టె మూసేముందు కరెంటిచ్చి తిరిగే దిశ చూడు. వైర్లు తారుమారై వెనక్కి తిరిగినా గాలి వస్తుంది, బలం ఉండదు. దాంతో తప్పు తెలీకుండా పెట్టె మూసేస్తారు.

పెట్టెకీ, ఇంజిన్‌కి అడ్డంగా ఉన్న ఇనుప గోడకీ మధ్య స్పాంజి సీలు కొత్తది వెయ్యి. అక్కడ సందుంటే ఇంజిన్ పొగ లోపలికొస్తుంది. పెట్టె ఎలాగూ బయట ఉంది కాబట్టి కోర్‌ని బకెట్లో ముంచి, 10 పీఎస్ఐకి మించకుండా గాలి కొట్టి చూడు. బుడగలొస్తే అదీ మార్చు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగంసగం కలిపి పొయ్యి. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి ఇంజిన్ వేడెక్కనివ్వు, గాలి బుడగలు పోతాయి.

కొత్త మోటారు ఆర్డరు పెట్టేశానని చెప్పకు. నీళ్లు పోసి చూశాక కాగితాలు తడిశాయో లేదో ముందు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా పరవాలేదు.

మీ పెదనాన్న