తాతగారి ఇల్లు కూల్పించే ముందు ఒక మాట

బాబూ, నీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకు. ఐర్లండ్ చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుడే అమలాపురం దగ్గరి మీ తాతగారి పెంకుటిల్లు ఫోను మీద కూల్పించేస్తున్నావు. ట్రాక్టరతను తక్కువకే మొత్తం ఎత్తుకుపోతానన్నాడు, ఒప్పుకోవచ్చా అన్నావు. ఆరేళ్ళ కిందట మా పాత ఇల్లు కూల్పించినప్పుడు నేనూ ఆ తక్కువకే ఒప్పుకున్నాను.

అప్పటికే ఇంగ్లండ్‌లో ముదిరినవాడిని. ఇక్కడ పాత సోఫా ఎవరికైనా అప్పగించాలంటే అతనికి చెత్త మోసే లైసెన్సు ఉందో లేదో ముందు చూసుకుంటాను. చూసుకోకపోతే జరిమానా నాకూ పడుతుంది. సొంతూరి పని దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైందో! టేకు దూలాలూ గుమ్మాలూ మాత్రం వీడియోలో ఒక్కొక్కటీ లెక్కపెట్టి అమ్మించాను. మిగిలిన మట్టీ ఇటుక ముక్కలూ తీసుకుపోవడానికి ఒకతను ట్రక్కుకు 1,500 అడిగాడు, ఇంకొకతను 900కే వస్తానన్నాడు. పన్నెండు ట్రక్కులు. 7,200 మిగిలిందని మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను. ఎక్కడ పోస్తావని మాత్రం అతన్ని అడగలేదు.

వేసవిలో కాలువ కట్టేశారు. నీళ్ళు తీసేసరికి వంతెన దిగువన, గట్టు మీద నుంచి కాలువ నడిమి దాకా మా ఇల్లు బయటపడింది. మాది కాదని బుకాయించడానికీ లేదు. గేటు స్తంభం ముక్క ఒకటి వెల్లకిలా పడి ఉంది, దాని మీద నాన్నగారి పేరు చెక్కిన పాలరాయి, పక్కన ‘బి.ఏ.’తో సహా. బాబాయి ఫొటో పంపి ఊరుకున్నాడు, ఒక్క మాట రాయలేదు. ఊరి మంచినీళ్ళ చెరువు నిండేది ఆ కాలువతోనే మరి.

పంచాయతీ వాళ్ళు పిలిచింది ట్రాక్టరతన్ని కాదు, బాబాయిని. జేసీబీ అద్దె, మళ్ళీ ట్రక్కులు, కూలీలు కలిపి 26,000. ఇప్పటికీ ఆ అంకె నా నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో ఉంది.

కూల్చిన సరుకు బాధ్యత కూల్పించినవాడిదేనని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. తర్వాత కొత్తవీ వచ్చాయి, చదువుకో. నేను చెప్పేది డబ్బు సంగతి. మన కోనసీమలో పల్లపు స్థలం ఉన్నవాళ్ళకు కొదవా? శుభ్రమైన ఇటుక ముక్కలైతే మెరకకు అడిగి మరీ పోయించుకుంటారు, కొందరు ట్రక్కు కిరాయి కూడా వాళ్ళే ఇచ్చుకుంటారు. అందులో చిరిగిన పరుపులూ మందు సీసాలూ ప్లాస్టిక్ బిందెలూ కలిశాయా, ఎవరూ ముట్టరు, చివరికి కాలువ గట్టే గతి. కనుక ముందు ఇల్లు ఖాళీ చేయించు, ఆ తర్వాతే గునపం. వసారా మీద పాత సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి, పగలగొట్టకుండా దించమను, మెరకలో కలపనివ్వకు. పోసే చోటు మురుగు బోదె మీద కాకుండా మీ వాళ్ళెవరైనా వెళ్ళి చూడాలి. ట్రక్కు బోర్లించాక ఫొటో, ఫొటో వచ్చాక డబ్బు. మీ తరం ముందే పంపేసి నిద్రపోతుంది.

పాలరాయిని బాబాయి కడిగించి అటక మీద పెట్టాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇక్కడికి తెచ్చుకుందామనుకున్నాను. విమానంలో అదనపు బరువుకు ఎంతవుతుందో లెక్క వేసుకుని, అక్కడే ఉంచమన్నాను.